నివాస ప్రాంతాల్లో స్వల్పకాలిక అద్దెలు: నగరాల నియంత్రణ విధానాలు

నిర్వచనం, పరిధి

కాపురానికి కట్టిన ఇంటినో, ఫ్లాటునో, ఇంట్లో ఒక గదినో కొద్దిరోజుల బసకు సొమ్ము తీసుకుని ఇవ్వడాన్ని స్వల్పకాలిక అద్దె అంటారు. ఇది నెలవారీ అద్దెకూ హోటల్ గదికీ నడుమ ఉండే వ్యవహారం. ఎన్ని రోజుల్లోపు ఉంటే స్వల్పకాలమో చెప్పే కొలత ఊరూరికీ మారుతుంది. న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో 30 రోజులకు తక్కువైతే స్వల్పకాలం. టొరంటోలో వరుసగా 28 రోజులకు తక్కువ, బార్సిలోనాలో 31 రోజుల వరకు, లండన్‌లో 90 రాత్రులకు తక్కువ, సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్లకు 3 నెలలకు తక్కువ అని లెక్క.

హోటళ్లు, లాడ్జీలు, సత్రాలు, పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు ఈ వ్యాస పరిధిలోకి రావు. అవి మొదటినుంచీ బస వ్యాపారం కోసమే అనుమతి పొందినవి. చిక్కంతా ఇంటిగా అనుమతి పొంది, ఇళ్ల మధ్యే ఉంటూ, బసగా నడిచే వాటితోనే.

రకాలు

చట్టాల దృష్టిలో ఇవి ప్రధానంగా మూడు రకాలు. మొదటిది, ఇంటివారు అక్కడే ఉంటూ ఒక గది ఇవ్వడం. రెండోది, తాము కాపురముండే ఇంటినే ఊరెళ్లినప్పుడు ఇతరులకు ఇవ్వడం. మూడోది, ఎవరూ కాపురం లేని ఇంటిని ఏడాది పొడవునా బసకే నడపడం. పైపైన చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి, బుకింగ్ వేదికలో మూడింటి ప్రకటనలూ పక్కపక్కనే ఉంటాయి. కానీ నగరంలో నివాసాల లెక్క విషయానికి వస్తే మొదటి రెండిటి వల్ల ఇల్లు తగ్గదు, మూడోదాని వల్ల ఒక ఇల్లు తగ్గుతుంది. నగరాల నిబంధనలు పైకి ఎంత భిన్నంగా కనిపించినా ఎక్కువ భాగం ‘ఈ ఇంట్లో ఎవరైనా కాపురముంటున్నారా?’ అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

నెలవారీ అద్దెకు తీసుకున్న ఇంటిని అద్దెదారే తిరిగి రోజువారీ బసకు ఇవ్వడం మూడో రకానికి ఉపశాఖ. ఇందులో పెట్టుబడి తక్కువ. ఒక్కరే పదుల ఫ్లాట్లు నడపడానికి వీలుంటుంది.

చరిత్ర

ఇంట్లో బాటసారికి చోటిచ్చి సొమ్ము తీసుకోవడం కొత్త సంగతి కాదు. తెలుగు పట్టణాల్లోని పూటకూళ్ల ఇళ్లు ఆ కోవలోవే. అటువంటి బసలపై ప్రభుత్వాల కన్ను పడటమూ పాతదే. బ్రిటన్‌లో కూలీలు, ప్రయాణికులు కిక్కిరిసి ఉండే లాడ్జింగ్ ఇళ్ల తనిఖీకి 1851లో చట్టం వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 1867 నాటి సరాయిల చట్టం సరాయి నడిపేవారి పేర్లను జిల్లా మేజిస్ట్రేటు దగ్గర నమోదు చేయించింది. 1871 నాటి పూరీ లాడ్జింగ్ హౌస్ చట్టానిది ఇంకా దగ్గరి పోలిక. జగన్నాథ యాత్రికులకు ఇళ్లలో బస ఇచ్చేవారు లైసెన్సు తీసుకోవాలి, ఒక్కో ఇంట్లో ఉండదగిన మనుషుల సంఖ్యకు హద్దు ఉండాలి అన్నది దాని సారాంశం. దాని వెనక ఉన్నది కలరా భయం. లైసెన్సు, మనుషుల సంఖ్య, తనిఖీ అనే మూడు పనిముట్లు నేటి నగర నిబంధనల్లోనూ అలాగే ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దంలో నగర ప్రణాళిక బసను ఇళ్ల మధ్య నుంచి వేరు చేసింది. న్యూయార్క్ 1916లో ఏ ప్రాంతాన్ని దేనికి వాడాలో నగరమంతటా నిర్ణయించే జోనింగ్ నిబంధనలు తెచ్చింది. 1926లో యూక్లిడ్ గ్రామం కేసులో అమెరికా సుప్రీంకోర్టు నివాస, వాణిజ్య ప్రాంతాల విభజనను సమర్థించింది. లండన్‌లో 1973 నాటి గ్రేటర్ లండన్ కౌన్సిల్ చట్టంలోని 25వ సెక్షన్, నివాసాన్ని 90 రాత్రులకు తక్కువ బసకు ఇస్తే దాన్ని ఇంటి వినియోగంలో వచ్చిన ‘గణనీయమైన మార్పు’గా లెక్కగట్టి ప్రణాళికా అనుమతి తప్పనిసరి చేసింది. ఇంటర్నెట్ పుట్టకముందే ఒక నగరం ఈ సమస్యపై చట్టం చేసిందన్నది తరచు మరచిపోయే విషయం.

సెలవుల ఇళ్లను ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే వీఆర్‌బీఓ 1995లో మొదలైంది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక డిజైన్ సదస్సు సమయంలో హోటళ్లు దొరకనివారికి గాలిపరుపులు వేసి చోటిచ్చిన ప్రయోగం 2008లో ఎయిర్‌బీఎన్‌బీగా మారింది. బ్రయాన్ చెస్కీ, జో గెబియా, నేథన్ బ్లెచార్జిక్ దాని వ్యవస్థాపకులు. హోమ్‌అవే అనే సెలవుల ఇళ్ల అద్దె సంస్థను 2015లో ఎక్స్‌పీడియా సుమారు 390 కోట్ల డాలర్లకు కొనడంతో పెద్ద ప్రయాణ సంస్థలు కూడా ఈ రంగంలోకి దిగాయి. గాలిపరుపుల ప్రయోగం మొదటి రకానికి చెందినదే. నగరాలు ఆ తర్వాత పోరాడింది మాత్రం మూడో రకంతో.

నియంత్రణకు కారణాలు

అన్నింటికన్నా ముందు చెప్పుకొనే కారణం ఇళ్ల కొరత. దీనిపై లెక్కలు చాలానే ఉన్నా వాటిని జాగ్రత్తగా చదవాలి. బారన్, కుంగ్, ప్రొసెర్పియోలు అమెరికా సమాచారంతో 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఒక ప్రాంతంలో ఎయిర్‌బీఎన్‌బీ ప్రకటనలు 1 శాతం పెరిగితే అద్దెలు 0.018 శాతం, ఇళ్ల ధరలు 0.026 శాతం పెరుగుతాయి. సంఖ్య చిన్నదిగా కనిపిస్తుంది. ప్రకటనలు ఏడాదికేడాది రెట్టింపవుతున్న కాలంలో అది చిన్నది కాదు. బార్సిలోనాపై 2020లో వెలువడిన అధ్యయనం నగరం మొత్తంమీద అద్దెలు సగటున 1.9 శాతం పెరిగాయనీ, ప్రకటనలు బాగా ఎక్కువున్న పేటల్లో ఆ పెరుగుదల 7 శాతం వరకు ఉందనీ లెక్కగట్టింది. అంటే ప్రభావం నగరమంతటా పలచగా, కొన్ని వీధుల్లో చిక్కగా ఉంటుంది. నిబంధనల కోసం గొంతెత్తేది కూడా ఆ వీధులవారే.

తరువాతిది ఇరుగుపొరుగు ఇబ్బంది. రాత్రివేళ చప్పుడు, చెత్త, మెట్లమీద పెట్టెల దొర్లింపు, రోజూ మారే కొత్త ముఖాలు, పార్కింగు ఇందులోకి వస్తాయి. 2019 అక్టోబరు 31న కాలిఫోర్నియాలోని ఒరిండాలో అద్దెకు తీసుకున్న ఇంట్లో జరిగిన విందులో కాల్పులకు ఐదుగురు చనిపోయారు. ఎయిర్‌బీఎన్‌బీ 2020 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా విందులను నిషేధించింది.

అగ్నిమాపక భద్రత, బస పన్ను ఎగవేత, ఆ భద్రతా, పన్ను నియమాలకు లోబడి నడిచే హోటళ్లతో సమానత్వం మిగిలిన కారణాలు. హోటల్ సంఘాలు నియంత్రణ ఉద్యమాలకు డబ్బు, బలం సమకూర్చాయన్న విమర్శ ఉంది. అది నిజమే గాని, దానివల్ల పక్కింటివాడి ఫిర్యాదు అబద్ధమైపోదు. మరోవైపు యజమానుల వాదనకూ బరువుంది. అప్పు కిస్తీలు, ఆస్తిపన్ను కట్టలేక ఒక గది ఇచ్చుకునే వృద్ధులున్నారు. హోటళ్లు లేని పేటలకు యాత్రికుల ఖర్చు చేరుతుంది. వంట గది కావలసిన పెద్ద కుటుంబాలకు, ఆసుపత్రి పనిమీద వచ్చినవారికి హోటల్ గది సరిపోదు.

నియంత్రణ సాధనాలు

నమోదు సంఖ్య. ఇల్లు ఇవ్వదలచినవారు నగరంలో నమోదై ఒక సంఖ్య పొందాలి, ప్రతి ప్రకటనలో అది కనిపించాలి. ఇది చిన్న పనిలా తోస్తుంది గాని మిగతా సాధనాలన్నీ దీనిమీదే నిలబడతాయి. సంఖ్య లేకపోతే ఏ ప్రకటన ఏ ఇంటిదో తనిఖీదారుకు తెలియదు. వేదికలు పటంలో ఇంటిని వృత్తంగా చూపిస్తాయి తప్ప చిరునామా ఇవ్వవు.

కాపురపు ఇంటి నిబంధన. తాము నివసించే ఇంటిని మాత్రమే ఇవ్వాలన్న షరతు ఇది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడాదికి కనీసం 275 రాత్రులు ఆ ఇంట్లో ఉండాలి. ఫ్రాన్సు చట్టం ప్రకారం ఏడాదిలో 8 నెలలు ఉన్నదే ప్రధాన నివాసం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2024 మే 1 నుంచి చాలా పట్టణాల్లో ఇదే సూత్రాన్ని రాష్ట్ర స్థాయిలో అమలు చేస్తోంది.

రాత్రుల పరిమితి. ఇంటివారు లేకుండా ఏడాదికి ఇన్ని రాత్రులే ఇవ్వాలన్న హద్దు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 60 ఉన్నది 2019 నుంచి 30 అయింది. లండన్, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో 90, లాస్ ఏంజెలెస్‌లో 120, టొరంటో, సిడ్నీ, జపాన్‌లలో 180. వియన్నా 2024 జులై నుంచి 90 రోజులు పెట్టింది. దీని వెనక సాదా లెక్క ఉంది. పరిమితి రాత్రుల ఆదాయం ఏడాది నెలవారీ అద్దెకన్నా తక్కువైతే యజమాని ఇంటిని కాపురానికే ఇస్తాడు. 30 రాత్రులకు ఈ లెక్క దాదాపు ఎక్కడైనా కుదురుతుంది. గిరాకీ ఎక్కువున్న నగరంలో 180 రాత్రులకు కుదరకపోవచ్చు.

సంఖ్యపై పరిమితి. పేటకో, వీధికో, భవనానికో ఇన్ని లైసెన్సులే అన్న కోటా. న్యూ ఓర్లీన్స్ 2023లో నివాస ప్రాంతాల్లో ఒక్కో బ్లాకుకు ఒకటి చొప్పున లాటరీ ద్వారా ఇవ్వాలని నిర్ణయించింది. ఫ్లోరెన్స్ 2023 అక్టోబరులో చారిత్రక కేంద్రంలో కొత్త స్వల్పకాలిక అద్దెలను ఆపేసింది.

వినియోగ మార్పిడికి నష్టపరిహారం. ప్యారిస్‌లో కాపురం లేని ఇంటిని బసకు మార్చాలంటే, అంతకు తగ్గకుండా వేరే వాణిజ్య స్థలాన్ని నివాసంగా మార్చి చూపించాలి. పోయిన ఇంటికి బదులు ఇల్లు తెమ్మనడం ఇది. ఖర్చెక్కువ కావడంతో చిన్న పెట్టుబడిదారులు దీని జోలికి వెళ్లరు.

పన్ను. హోటల్ గదులపై ఉండే బస పన్నును వేదికలే వసూలుచేసి నగరానికి కట్టే ఒప్పందాలు విరివిగా ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ 2024లో ఈ పన్నును 12.5 శాతానికి పెంచింది. పన్ను ఇళ్లను కాపాడదు. పైగా నగర ఖజానాకు ఆ ఆదాయం అలవాటైతే నిబంధన బిగించడానికి చెయ్యి రాదు.

భద్రత, నడవడి. పొగ సూచికలు, మనుషుల సంఖ్య, నిశ్శబ్ద వేళలు, పిలిస్తే పలికే స్థానిక బాధ్యుడు, తలుపు పక్క తాళంచెవుల పెట్టెపై నిషేధం వంటివి ఈ కోవలోవి.

న్యూయార్క్

అమెరికాలో అత్యంత కఠినమైన విధానాల్లో ఇదొకటి. ఇది ఒక్కసారిగా రాలేదు. 1929 నాటి బహుళ నివాసాల చట్టాన్ని రాష్ట్రం 2010లో సవరించింది. రాష్ట్ర సెనేటర్ లిజ్ క్రూగర్ చొరవతో వచ్చిన ఆ సవరణ, మూడు లేదా అంతకన్నా ఎక్కువ కుటుంబాలుండే నివాస భవనాల్లో శాశ్వత నివాసి ఇంట్లో లేకుండా 30 రోజులకు తక్కువ అద్దెకు ఇవ్వడాన్ని నిషేధించింది. అప్పటికి ఎయిర్‌బీఎన్‌బీ వయసు రెండేళ్లు. సవరణ గురిపెట్టింది అపార్టుమెంట్లను దొంగచాటుగా హోటళ్లుగా నడిపే భవన యజమానులపై.

నిషేధం ఉన్నా వ్యాపారం పెరిగింది. రాష్ట్ర అటార్నీ జనరల్ ఎరిక్ ష్నైడర్మన్ 2014 అక్టోబరులో విడుదల చేసిన నివేదిక, పరిశీలించిన ఇళ్లలో 72 శాతం చట్టాన్ని ఉల్లంఘిస్తున్నట్టు కనిపిస్తోందని తేల్చింది. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లు నడిపేవారు మొత్తం ఆతిథేయుల్లో 6 శాతమే అయినా ఆదాయంలో 37 శాతం వారికే చేరింది. ఇంట్లో ఒక గది పంచుకునే మామూలు మనిషి బొమ్మకు, డబ్బు వెళ్లే చోటుకు మధ్య దూరాన్ని ఈ రెండు అంకెలు చూపించాయి.

2016లో రాష్ట్రం అక్రమ బసల ప్రకటనపైనే 7,500 డాలర్ల వరకు జరిమానా పెట్టింది. 2018లో నగరం వేదికల నుంచి సమాచారం కోరుతూ చట్టం చేస్తే ఫెడరల్ కోర్టు 2019 జనవరిలో నిలిపివేసింది. 2020లో రాజీ కుదిరింది. చివరకు ‘లోకల్ లా 18’ అనే నమోదు చట్టం 2022 జనవరిలో ఆమోదం పొంది, 2023 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. దాని ప్రకారం ఆతిథేయి మేయర్ కార్యాలయంలోని ప్రత్యేక అమలు విభాగంలో 145 డాలర్లు చెల్లించి నమోదు కావాలి. అతిథులున్నంతసేపూ ఇంట్లో ఉండాలి. ఇద్దరికి మించి అతిథులు ఉండకూడదు, వారు ఇల్లంతా తిరగగలగాలి, లోపలి గదులకు తాళం ఉండరాదు. భవన యజమాని కోరితే ఆ భవనం మొత్తాన్ని నిషేధిత జాబితాలో చేరుస్తారు.

వీటన్నిటికన్నా పదునైన నిబంధన వేరే ఉంది. నమోదు లేని ఇంటికి బుకింగ్ సొమ్ము జమచేస్తే ఒక్కో లావాదేవీకి వేదికపై 1,500 డాలర్ల వరకు జరిమానా పడుతుంది. పదమూడేళ్ల పాటు ఇళ్లచుట్టూ తిరిగిన అమలు భారం దీనితో వేదికపై పడింది. ఎయిర్‌బీఎన్‌బీ వేసిన దావాను రాష్ట్ర కోర్టు 2023 ఆగస్టులో కొట్టేసింది. అమలు మొదలయ్యాక 30 రోజులకు తక్కువ ప్రకటనలు ఒక్కసారిగా పడిపోయాయి. చాలామంది తమ ప్రకటనలను 30 రోజులు, ఆపై బసకు మార్చుకున్నారు. ఆ ఇళ్లు మామూలు అద్దెదారుకు తిరిగి వచ్చాయా అన్నది వేరే ప్రశ్న. నెలవారీ సామానుతో ఇచ్చే ఇల్లు కూడా నగరవాసి కాపురానికి దొరకని ఇల్లే కావచ్చు.

బార్సిలోనా

కాటలోనియాలో బసకు ఇచ్చే ఇంటికి పర్యాటక వినియోగ గృహ లైసెన్సు ఉండాలి. నగరం 2014లో కొత్త లైసెన్సులను ఆపేసింది. అడా కొలావ్ మేయరుగా ఉండగా 2017లో ఆమోదించిన ప్రత్యేక ప్రణాళిక నగరాన్ని మండలాలుగా విడగొట్టింది. పాత నగర కేంద్రంలో ఒక బస మూతపడితే దాని స్థానంలో మరొకటి రాదు. దాని చుట్టూ ఉన్న మండలంలో ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. శివార్లలో పరిమితంగా కొత్తవి రావచ్చు. లైసెన్సు లేని ప్రకటనలకు 2016 నవంబరులో ఎయిర్‌బీఎన్‌బీ, హోమ్‌అవేలకు చెరి 6 లక్షల యూరోల జరిమానా పడింది. 2021లో 31 రోజులకు తక్కువ గది అద్దెలు కూడా ఆగిపోయాయి. ఇది విశేషం. ఇతర నగరాలు కాపాడే మొదటి రకాన్నే బార్సిలోనా మూసేసింది.

2023 నవంబరులో కాటలోనియా ప్రభుత్వం డిక్రీ-చట్టం ద్వారా ఇళ్ల కొరత ఉన్న 262 పురపాలికల్లో ఈ లైసెన్సుల గడువు ఐదేళ్లుగా నిర్ణయించింది. దాని ఆధారంగా మేయర్ జౌమె కొల్బోని 2024 జూన్‌లో, నగరంలోని 10,101 లైసెన్సుల్లో ఒక్కటీ 2028 నవంబరు తర్వాత కొనసాగదని ప్రకటించారు. డిక్రీపై వచ్చిన అభ్యంతరాలను స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం 2025 మార్చిలో తోసిపుచ్చింది. లైసెన్సు ఉన్న ఇళ్లను ఎక్కువ ధరకు కొన్నవారికి ఐదేళ్ల గడువే పరిహారమన్నది ప్రభుత్వ వాదన. 2025 మేలో స్పెయిన్ వినియోగదారుల మంత్రిత్వశాఖ దేశవ్యాప్తంగా 65,935 ప్రకటనలను తొలగించమని ఎయిర్‌బీఎన్‌బీని ఆదేశించింది.

ప్యారిస్

2017 డిసెంబరు నుంచి నమోదు సంఖ్య తప్పనిసరి అయింది. కాపురపు ఇంటికి ఏడాదికి 120 రాత్రుల హద్దు ఉండేది. 2024 నవంబరులో వచ్చిన లె మర్ చట్టం దాన్ని 90కి తగ్గించుకునే అధికారం పురపాలికలకు ఇచ్చింది. ప్యారిస్ 2025 జనవరి 1 నుంచి తగ్గించింది. నమోదు సంఖ్యలేని 1,010 ప్రకటనలు ఉంచినందుకు 2021 జులైలో కోర్టు ఎయిర్‌బీఎన్‌బీకి 80 లక్షల యూరోల జరిమానా వేసింది. వినియోగ మార్పిడి అనుమతుల పద్ధతిపై వచ్చిన కాలీ అపార్ట్‌మెంట్స్ వ్యాజ్యంలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2020 సెప్టెంబరులో తీర్పునిస్తూ, దీర్ఘకాలిక అద్దె ఇళ్ల కొరతను ఎదుర్కోవడం ముందస్తు అనుమతి విధానానికి తగిన ప్రజాప్రయోజనమేనని చెప్పింది. ఆ తీర్పు యూరప్ నగరాలన్నిటికీ ఊతమిచ్చింది.

జపాన్, సింగపూర్

జపాన్‌లో 2017లో చేసిన గృహ బస చట్టం 2018 జూన్ 15 నుంచి అమల్లో ఉంది. ఇలాంటి బసను అక్కడ మిన్‌పాకు అంటారు. దేశమంతటా ఏడాదికి 180 రోజుల హద్దు ఉంది. యజమాని ఇంట్లో లేకపోతే నమోదైన నిర్వాహక సంస్థకు అప్పగించాలి. అతిథుల జాబితా రాయాలి, ఇంటి బయట గుర్తింపు పలక పెట్టాలి. స్థానిక ప్రభుత్వాలు ఇంకా బిగించవచ్చు. క్యోటో నివాస మండలాల్లో ఇంటివారు లేని బసను జనవరి 15 నుంచి మార్చి 15 వరకే అనుమతించింది. అది చలికాలం, ఆ ఊరికి యాత్రికులు తక్కువగా వచ్చే అదను.

సింగపూర్‌లో రాత్రుల లెక్క లేదు, కనీస వ్యవధే హద్దు. 2017లో ప్రైవేటు ఇళ్లకు 6 నెలల నుంచి 3 నెలలకు తగ్గించారు. ప్రభుత్వ గృహాలకు 6 నెలలే ఉంది. 2018లో మొదటిసారి ఇద్దరికి చెరి 60 వేల సింగపూర్ డాలర్ల జరిమానా పడింది.

కోర్టుల్లో వివాదాలు

అమెరికాలో తొలి వివాదం వేదిక బాధ్యతపై. వాడుకదారులు పెట్టే సమాచారానికి వెబ్‌సైటు బాధ్యత వహించదన్న ఫెడరల్ చట్టంలోని 230వ సెక్షన్‌ను వేదికలు అడ్డుపెట్టాయి. శాంటా మోనికా నగరంపై వేసిన కేసులో 9వ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2019లో దాన్ని ఒప్పుకోలేదు. నగరం ప్రకటనను తొలగించమనడం లేదు, లైసెన్సు లేని ఇంటికి బుకింగ్ చేయవద్దంటోంది, ఆ రెండూ వేరు అన్నది తీర్పు సారం. న్యూయార్క్ లావాదేవీల జరిమానా ఈ తేడా మీదే నిలబడింది.

రెండో వివాదం నివాస షరతుపై. న్యూ ఓర్లీన్స్ 2019లో నివాస ప్రాంతాల్లో లైసెన్సుకు యజమాని ఆ ఇంట్లోనే నివసించాలని పెట్టిన షరతు బయటి రాష్ట్రాలవారిపై వివక్ష అవుతుందని 5వ సర్క్యూట్ కోర్టు 2022లో కొట్టేసింది. అందువల్లే 2023 నిబంధనలు యజమాని బదులు నిర్వాహకుడు అక్కడ ఉండాలని రాసుకున్నాయి.

మూడోది, ముందు అనుమతించి తర్వాత బిగించడం. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన జెర్సీ సిటీ 2015లో స్వల్పకాలిక అద్దెలను చట్టబద్ధం చేసింది. నాలుగేళ్లకు మనసు మార్చుకుని యజమాని లేని బసకు 60 రాత్రుల హద్దు, అద్దెదారులు తిరిగి ఇవ్వడంపై నిషేధం తెచ్చింది. దానిపై 2019 నవంబరులో జరిగిన ప్రజాభిప్రాయ ఓటింగులో నగరవాసులు భారీ ఆధిక్యంతో నిబంధనలకే ఓటేశారు. పాత చట్టాన్ని నమ్మి ఇళ్లు కొన్నాం, దీర్ఘకాల ఒప్పందాలు చేసుకున్నాం, నష్టపరిహారం ఇవ్వాలి అని పెట్టుబడిదారులు వేసిన దావాను 3వ సర్క్యూట్ కోర్టు 2022లో తిరస్కరించింది. అదే దేశంలో టెక్సస్ కోర్టుల ధోరణి వేరు. ఆస్టిన్‌లో యజమాని నివసించని బసలపై నిషేధం 2019లో వీగిపోయింది. డాలస్ 2023లో ఒకే కుటుంబం ఉండే విడి ఇళ్ల పేటల్లో తెచ్చిన నిషేధం ఆ ఏడాది చివరికే కోర్టు ఉత్తర్వుతో ఆగింది.

అమలు

చట్టం రాయడంకన్నా అమలు కష్టం. లండన్‌లో 2015 డీరెగ్యులేషన్ చట్టం 90 రాత్రుల వరకు అనుమతి అక్కర్లేదంది గాని నమోదు విధానం పెట్టలేదు. ఎవరెన్ని రాత్రులిచ్చారో బరో కౌన్సిళ్లకు తెలియదు. ఎయిర్‌బీఎన్‌బీ 2017 నుంచి తనంతట తానే 90 దాటిన ఇళ్లను ఆపుతోంది. అదే ఇల్లు మరో వేదికలో కొత్త లెక్కతో మొదలయితే పట్టుకునే దారి లేదు. ఆమ్‌స్టర్‌డామ్ ఈ పాఠం నేర్చుకుని ప్రతి బసనూ ముందుగా నగరానికి తెలియజేయాలంది, ఒక్కసారికి నలుగురికి మించకూడదంది. బెర్లిన్‌లో నివాస దుర్వినియోగ నిషేధ చట్టం 2014 నుంచి అమల్లో ఉంది. దానికింద జరిమానా 5 లక్షల యూరోల దాకా వెళ్లవచ్చు.

శాన్‌ఫ్రాన్సిస్కో అనుభవం ఇదే చెబుతుంది. 2015 ఫిబ్రవరి నుంచి నమోదు తప్పనిసరి అయినా చాలామంది యజమానులు పట్టించుకోలేదు. వేదికలతో 2017 మేలో కుదిరిన రాజీ ప్రకారం నమోదులేని ప్రకటనలను అవే తీసేయడం మొదలయ్యాకే నిబంధనకు బలం వచ్చింది. లాస్ ఏంజెలెస్ కౌంటీలోని పట్టణాలపై కోస్టర్, వాన్ ఒమ్మరెన్, వోల్క్‌హౌజెన్‌లు చేసిన అధ్యయనం నిబంధనలు తెచ్చినచోట ప్రకటనలు సగానికి, ఇళ్ల ధరలు సుమారు 2 శాతం తగ్గాయని చూపింది.

యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన 1028వ నంబరు నిబంధన ఈ సమాచార లోటుకు సంబంధించినదే. నమోదు విధానం ఉన్న నగరాలకు వేదికలు బసల సమాచారాన్ని క్రమం తప్పకుండా ఒకే పద్ధతిలో ఇవ్వాలి. దాని అమలు తేదీ 2026 మే 20.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారతీయ నగరాలు సాధారణంగా రాత్రుల పరిమితి, పేటల కోటా దాకా రాలేదు. ఇక్కడ ఈ వ్యవహారం పర్యాటక శాఖల కిందకు వస్తుంది, నగర ప్రణాళిక కిందకు కాదు. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే పథకం 1 నుంచి 6 గదులున్న ఇళ్లను వెండి, బంగారు తరగతులుగా గుర్తిస్తుంది. యజమాని కుటుంబం అక్కడే నివసించాలన్నది షరతు. ఢిల్లీ 2007లో ఇందుకోసం ప్రత్యేక చట్టం చేసింది. గోవాలో 1982 నాటి పర్యాటక వ్యాపార నమోదు చట్టం వర్తిస్తుంది. 2025–26 కేంద్ర బడ్జెట్ హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ప్రకటించింది. అంటే ఇక్కడి విధానం మొదటి రకాన్ని ప్రోత్సహించేది. కాపురం లేని ఫ్లాటు దానిలో ఇమడదు, దాన్ని స్పష్టంగా ఆపే నగర నిబంధనా కనిపించదు.

హైదరాబాద్‌లో గచ్చిబౌలి, మాదాపూర్, కొండాపూర్‌ల ఫ్లాట్లలో ఈ ఖాళీ కనిపిస్తుంది. అరకులో ఇంటివారితో కలిసి ఉండే హోమ్‌స్టేకూ, ఐటీ కారిడార్‌లో పదో అంతస్తులో అంకెల తాళంతో తెరుచుకునే ఫ్లాటుకూ వేదికలో ఒకటే వరుస. ఫ్లాటుకు వర్తించేవి వేర్వేరు చట్టాల తునకలు. జీహెచ్‌ఎంసీ పద్ధతి ఆస్తిపన్నులో నివాస, నివాసేతర వినియోగాలకు లెక్క వేరు. విద్యుత్తులో గృహ, వాణిజ్య కేటగిరీలు వేరు. విదేశీయులకు బస ఇస్తే 24 గంటల్లో వారి వివరాలు అధికారులకు సమర్పించాలి. వేదిక ద్వారా ఇచ్చే బసకు, యజమాని జీఎస్టీ నమోదు పరిధిలో లేకపోతే, పన్ను కట్టే బాధ్యత వేదికదే. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదిపై 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ పన్ను 5 శాతం.

ఆచరణలో నియంత్రణ అపార్టుమెంటు సంఘాల చేతిలో ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ సంఘాలకు ఆధారం 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం. రోజువారీ అద్దెలు కూడదని సంఘాలు నియమావళిలో రాసుకుంటాయి, గేటు దగ్గర అతిథుల పేర్లు అడుగుతాయి, లిఫ్టు పక్క నోటీసు అంటిస్తాయి. సొంత ఫ్లాటును ఎవరికివ్వాలో చెప్పడానికి సంఘమెవరని యజమాని అడుగుతాడు. న్యూయార్క్‌లో భవన యజమాని నిషేధిత జాబితాకు దరఖాస్తు చేసినట్టు, ఇక్కడి సంఘం తన భవనాన్ని నమోదు చేయించుకోగల జాబితా ఏదీ పురపాలక సంస్థల దగ్గర లేదు. వివాదం పోలీస్ స్టేషన్‌కో, సివిల్ కోర్టుకో చేరుతుంది.